మొదటి స్కాన్ కాగితం జాగ్రత్త తల్లీ

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో "అమ్మా, కాన్పుకి అక్టోబర్ పదిహేడో తేదీ నమ్మాలా, ఇరవై నాలుగా?" అని అడిగావు కదా, పొయ్యి మీద పని ఉండి సరిగ్గా చెప్పలేదు. ఇరవై నాలుగే నమ్ము.

నీకు చివరిసారి నెలసరి వచ్చింది జనవరి 10న. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు, అంటే 280 రోజులు కలిపితే అక్టోబర్ 17 వస్తుంది. కానీ ఆ లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లది, నీకేమో మొదటి నుంచీ 35 రోజులు. ఆ వారం తేడా మార్చి మొదట్లో తీసిన స్కాన్‌లో తెలిసింది కాబట్టే డాక్టరమ్మ 24 అని రాసింది. తొలి నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకేలా పెరుగుతారు, అందుకని అప్పటి కొలత అయిదారు రోజులకు మించి తప్పదు. తర్వాత ఎవరి ఒడ్డూ పొడుగూ వాళ్లది, ఎనిమిదో నెల స్కాన్ రెండు మూడు వారాలు అటూ ఇటూ చెప్పినా డేట్ మార్చుకోకు.

నేనెందుకింత పట్టుబడుతున్నానంటే, నీ కడుపుతో ఉన్నప్పుడు నాకు తొలి నెలల్లో స్కాన్ తీయలేదు. నాకు ఒక్కోసారి రెండు నెలలకు గానీ నెలసరి వచ్చేది కాదు, అది ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తెలియలేదు. డేట్ వచ్చేసిందని నొప్పుల కోసం సెలైన్ ఎక్కించారు, తీరా చూస్తే నువ్వు రెండు కేజీలు, వీపంతా నూగు, పాలు తాగే ఓపిక కూడా లేదు. నెల ముందే పుట్టావన్నారు. పది రోజులు నిన్ను అద్దాల పెట్టెలో చూస్తూ కూర్చున్నాను.

నానమ్మ తొమ్మిది నెలలు నిండాయంటే కంగారు పడకు, ఆవిడవి తిథుల నెలలు, ఒక్కోటి ఇరవై తొమ్మిదిన్నర రోజులే, ఆవిడకి నిండేసరికి నీకింకా మూడు వారాలుంటుంది. నాన్న 12న ముహూర్తం బాగుంది, ఆపరేషన్ చేయిద్దామా అన్నారు, 39 వారాలు నిండకుండా ఊరికే కోయించుకోవద్దని గట్టిగా చెప్పాను. సరిగ్గా ఇచ్చిన డేటుకే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే, నాలుగు రోజులు దాటినా టెన్షన్ పడకు, డాక్టరమ్మ చూసుకుంటుంది. బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే మాత్రం ఏ డేటూ చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

సీమంతం అయ్యాక పురిటికి ఇక్కడికే వస్తావు, ఇక్కడి డాక్టరు నిన్ను కొత్తగా చూస్తారు. ఆ మార్చి కాగితం ఫోటో తీసి ఈ రాత్రికే వాట్సాప్‌లో పెట్టు, ప్రింట్ తీయించి బీరువాలో దాస్తాను.

అమ్మ