మా గట్టు ఎక్కగలిగే ఫైరింజను ఇప్పించండి

రాష్ట్ర హోం, విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు. రెండేళ్ళ కిందట ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా పేటలో ఒక తాటాకిల్లు అంటుకుంది. 101కి ఫోన్ చేస్తే ఫైరింజను వెంటనే బయల్దేరింది. ఊరి మొదట్లో వంతెన దగ్గర ఆగిపోయింది. డ్రైవరు దిగి, అటూ ఇటూ చూసి, తల అడ్డంగా ఊపాడు. అతని తప్పేం లేదు. అది ఎడ్లబళ్ళ కాలంలో కట్టిన వంతెన. సిబ్బంది గొట్టాలు తగిలించుకుంటూ కొబ్బరితోటలోంచి లాక్కొచ్చేసరికి మూడిళ్ళు, రెండు గడ్డిమేట్లు బూడిదయ్యాయి. పాకలో కట్టేసిన చూడిగేదెను ఎవరో పలుపు కోసి తప్పించారు, అదొక్కటే మిగిలింది.

లీటరు నీళ్ళంటే కిలో బరువు. 4,500 లీటర్ల ట్యాంకులో నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు. దానికి బండి, పంపు, మనుషులు. వెడల్పు ఎనిమిదడుగులు. వానాకాలంలో ఆ బరువు మా నల్లమట్టి గట్టు అంచు తొక్కితే బండి బోదెలోకి దిగుతుంది, దాన్ని పైకి లాగడానికి మళ్ళీ ట్రాక్టర్లు కావాలి. ఇంతా చేసి ఒక గొట్టం నిమిషానికి 450 లీటర్లు వదిలినా ఆ ట్యాంకు పది నిమిషాల్లో ఖాళీ. గడ్డిమేటుకి అదేం సరిపోతుంది? పైన ఆరినట్టే కనిపించి లోపల రగులుతూనే ఉంటుంది. కొంకెలతో విడదీసి తడపాల్సిందే.

అసలు డెల్టాలోకి నీళ్ళు మోసుకురావడమేంటండీ! ధవళేశ్వరం నుంచి గోదారి మా గుమ్మం ముందుకే వస్తుంది. మాకు లేనిది తోడే పంపు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఇళ్ళు అంటుకునేది ఎండాకాలంలో, కాలువలకి నీళ్ళు కట్టేసేదీ అప్పుడే. ఇక ఊరి చెరువే దిక్కు. పెద్ద బండి చెరువు దాకా రాదు. దూరంగా నిలబెట్టి పీలుద్దామన్నా నీటిమట్టం ఏడు మీటర్ల కిందికి పోతే మామూలు పంపుకి చేతకాదు. అందుకే నీటి మీద తేలే పంపులు అడుగుతున్నాం. ఇద్దరు మోసుకెళ్ళి చెరువులో వదిలితే అది నీళ్ళలోంచే పైకి తోస్తుంది.

బండి సంగతికొస్తే, కొబ్బరికాయల లోడు తిరిగే పికప్ చాలు. వెడల్పు ఐదున్నర అడుగులు, ఏ పుంతలోకైనా దూరుతుంది, ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు. కోటిపల్లి రేవులో కార్లను పంటు మీద దాటించడం చూస్తూనే ఉన్నాం, ఇదీ దాటుతుంది, లంకల వాళ్ళకీ అందుతుంది. 500 లీటర్ల ట్యాంకు, ఎక్కువ ప్రెషరుతో సన్నగా చిమ్మే గొట్టం, తేలే పంపు, కొంకెలు, ముగ్గురు మనుషులు. అక్కడితో ఆపమనండి. మన వాళ్ళకి కక్కుర్తి ఎక్కువ, అదే బండికి వెయ్యి లీటర్లు బిగించేస్తారు. మలుపులో నీళ్ళు ఒక పక్కకి ఊగితే బండి పల్టీయే. ట్యాంకు లోపల అడ్డుపలకలు కూడా ఉండాలి.

పెద్ద బళ్ళు తీసేయమని మేం అనడం లేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండిన సంగతి ఇక్కడ పెద్దవాళ్ళెవర్నడిగినా చెప్తారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. అలాంటి మంటల ముందు పికప్ నిలవదు. కానీ మా దగ్గర తరచూ కాలేది పాకలు, గడ్డిమేట్లు, వంటగదులు. వాటిలో మొదటి పది నిమిషాలే ముఖ్యం. ప్రతి ఫైర్ స్టేషన్లో పెద్దదాని పక్కన చిన్నదొకటి ఉంచండి, ముందు అది బయల్దేరుతుంది.

డబ్బుల్లేవనకండి. రాష్ట్రాల అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకని కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం పెట్టింది. అందులో మన వాటాతో ఏ బండి కొనాలో రాసేటప్పుడు మా దారులు గుర్తుంచుకోండి. ఆర్డరు వేసే ముందు ఇంజనీర్ల చేత ప్రతి మండలంలో గట్లూ వంతెనలూ కొలిపించండి. మా వంతెన నేను కొలిచాను. పిట్టగోడల మధ్య ఏడడుగుల నాలుగంగుళాలు. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోమనండి, టేపు మా ఇంట్లోనే ఉంది.

ఇట్లు,
కోనసీమ కొబ్బరి రైతు ఒకడు