షేర్లున్న మనవాళ్లు లోపల అడగాలి

సంపాదకులు గారికి,

విశాఖ గూగుల్ డేటా సెంటర్ గురించి పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న లెక్కలే వస్తున్నాయి. 1,500 కోట్ల డాలర్లని 2025 అక్టోబరులో ప్రకటించారు, సంతోషమే. సర్వర్లను చల్లబరచడానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, వేసవిలో నెలకు ఎన్ని కావాలి, కరెంటులో బొగ్గుది ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నలు ఆ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లే అడగాలి.

అమెజాన్‌లో అలాగే జరిగింది. అక్కడ జీతంతో పాటు షేర్లిస్తారు, మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకు అవి ఉన్నాయో చెప్పక్కర్లేదు. సియాటెల్‌లో కొందరు ఉద్యోగులు ఆ షేర్ల హక్కుతోనే, వాతావరణ మార్పు మీద కంపెనీ ప్రణాళికేంటో చెప్పాలని తీర్మానం పెట్టారు, దానికి మద్దతుగా 8,700 మందికి పైగా పేర్లతో సహా బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. 2019 మేలో వాటాదారుల సమావేశంలో ఎమిలీ కన్నింగ్‌హామ్ అనే ఉద్యోగి మాట్లాడుతూ అప్పటి సీఈఓ జెఫ్ బెజోస్‌ను వేదిక మీదకు రమ్మని అడిగారు, తెల్లబట్టలు వేసుకొచ్చిన తోటివాళ్లు ఆమెకు తోడుగా లేచి నిలబడ్డారు. బెజోస్ అప్పుడు రాలేదు. తీర్మానమూ ఓడిపోయింది. అయినా సెప్టెంబరు 20న పని ఆపి బయటికొస్తామని వెయ్యిమందికి పైగా చెప్పేసరికి, సరిగ్గా ముందురోజు కంపెనీ 2040 కల్లా కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామంది, లక్ష ఎలక్ట్రిక్ వ్యాన్లు కొంటామంది, తన ఉద్గారాల లెక్క కూడా మొదటిసారి బయటపెట్టింది.

మరుసటి ఏడాది ఎమిలీని, ఆమెతో పాటు ముందున్న మారెన్ కోస్టాను ఉద్యోగంలోంచి తీసేశారు. కంపెనీ నిబంధనలు మీరారన్నది కంపెనీ మాట. అమెరికా కార్మిక బోర్డు వీళ్ల ఫిర్యాదులో న్యాయముందని చెప్పాక, 2021లో రాజీకొచ్చి పోయిన జీతం ఇవ్వాల్సి వచ్చింది. వీసా మీద ఉన్న మనవాళ్లకు ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ, అందుకే ఒక్కరుగా కాక పదిమందీ కలిసి అడగమంటున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాను. శుక్రవారం టెస్టింగ్ కోసం ఆన్ చేసిన సర్వర్లు ఎవరూ ముట్టుకోకపోయినా సోమవారం దాకా నడుస్తూనే ఉండేవి. ఆపేద్దామంటే ఈ క్వార్టర్‌లో కుదరదన్నారు. పర్యావరణం మాట పక్కనపెట్టి క్లౌడ్ బిల్లు, అంటే ఆ సర్వర్లకు కట్టే అద్దె, చూపించాక ఒప్పుకున్నారు, ఇప్పుడు శుక్రవారం రాత్రి వాటంతటవే ఆగిపోతున్నాయి. ఇలాంటి పని ఏ టీమైనా రేపే మొదలుపెట్టొచ్చు.

నీటి లెక్క మాత్రం అంత తేలిగ్గా రాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని ది డాలెస్ అనే ఊళ్లో గూగుల్ ఎన్ని నీళ్లు వాడుతోందని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమని నగరపాలక సంస్థే కోర్టుకెక్కింది. 2022 చివర్లో లెక్క బయటికొస్తే, ఊరు వాడే నీళ్లలో పావు వంతుకు పైనే! విశాఖలో అంతదాకా రాకముందే, నెలనెలా నీటి లెక్క జనానికి చెప్తారా లేదా అని గూగుల్‌లోని తెలుగువాళ్లు లోపలి మీటింగుల్లో అడగాలి, మీ పత్రిక విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్