మూలమట్టం కొనే ముందు ఒక్క మాట, బావా

కొర్లగుంట, తిరుపతి
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను లీలామహల్ సెంటర్లో ఉన్నాను. ఆ హారన్ల మోతలో నీ మాట సగమే వినబడింది. పన్నెండు వేలు పెట్టి అమెరికా మూలమట్టం (తొంభై డిగ్రీల మూల గీసి సరిచూసుకునే L ఆకారపు పనిముట్టు) తెప్పించుకుందామనుకుంటున్నావనీ, డబ్బు దండగవుతుందేమోనని టెన్షన్‌గా ఉందనీ మాత్రం అర్థమైంది. కొనమనో వద్దనో అక్కడే ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ నువ్వు చిత్తూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, రిటైర్మెంటు డబ్బుల్లోంచి రంపం మిషను కొనుక్కుని, ఇంత ఇష్టంగా వడ్రంగం మొదలుపెట్టావు. నీకు అలా చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు మా పూజా మందిరం సంగతి చెప్పాలి. గృహప్రవేశానికి వచ్చినప్పుడు నువ్వు దాని తలుపులు తీయబోతే నేను అడ్డం వచ్చి "తర్వాత చూద్దువులే" అన్నాను, గుర్తుందా? ఆ తలుపులు సరిగ్గా మూసుకునేవి కావురా. ఎవరో పాత మిద్దె కూలగొడుతుంటే అక్కడ టేకు దూలాలు కొని, కోయించి, మూడు నెలలు నీడన ఆరబెట్టి మొదలుపెట్టిన పని అది. రెండు తలుపులు, ఒక్కోటి అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు. పైన అతికినట్టు కలిసేవి, కిందికొచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. చిత్రిక పట్టి కింద సరిచేస్తే గడియ దగ్గర వంకర కొట్టొచ్చినట్టు కనబడింది. కింద పెట్టిన సొరుగు సగం దాకా జారి బిగుసుకుపోయేది.

రంపం మీద అనుమానపడ్డాను. టేకు ఆరలేదేమో అనుకున్నాను. చివరికి నా చేతి మీదే నాకు నమ్మకం పోయి, నాలుగు నెలలు పనిముట్ల పెట్టె తెరవలేదు. ప్రతి గీతా ఏ మూలమట్టంతో గీశానో, దాని మీద మాత్రం ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. హార్డ్‌వేర్ షాపులో కొన్న ఇనప వస్తువు, మీద అంగుళాలు చెక్కి ఉన్నాయి, దాన్నెవరు అనుమానిస్తారు?

మా వీధి చివర ఒక పెద్దాచారి ఉండేవారు, ఇప్పుడు కొడుకు దగ్గర మదనపల్లెలో ఉంటున్నారు. ఒకరోజు ఇంటికొచ్చి మందిరం చుట్టూ తిరిగి చూశారు. ఏమీ అనకుండా నా మూలమట్టం అడిగారు. మూల పడి ఉన్న ప్లైవుడ్ ముక్క తీసుకుని, ఒక కన్ను మూసి, దాని అంచుని కిటికీ వైపు పెట్టి చూశారు. "అంచు తిన్నగా ఉంటేనే ఈ పరీక్ష నిజం చెబుతుంది నాయనా" అన్నారు. తర్వాత మట్టం పిడిని, అంటే దాని మందపాటి చేతిని, ఆ అంచుకి గట్టిగా ఆనించి, పెన్సిల్ కాకుండా చాకు మొనతో, కింద నుంచి పైకి సన్నగా ఒక గీత గీశారు. అప్పుడు మట్టాన్ని బోర్లా తిప్పారు. పిడి కుడి నుంచి ఎడమకి వచ్చింది. అదే గీత మొదట్లో మట్టం రేకుని, అంటే దాని సన్నటి చేతిని, ఆనించి రెండో గీత గీశారు. కింద రెండూ ఒకటే. పైకి వెళ్ళేకొద్దీ విడిపోతూ, 200 మిల్లీమీటర్ల ఎత్తుకి చేరేసరికి మధ్యలో నా చిటికెన వేలి గోరు పట్టేంత సందు వచ్చింది. స్కేలు పెట్టి చూస్తే రెండు మిల్లీమీటర్లు.

ఆ రెండు మిల్లీమీటర్లూ మట్టంలో ఉన్న తప్పు కాదు, తప్పుకి రెట్టింపు. ఒకసారి ఇటు వాలింది, తిప్పితే అంతే అటు వాలింది. అంటే 200కి ఒక మిల్లీమీటరు. డిగ్రీల్లో చెబితే 0.3 కూడా లేదు. కానీ నా తలుపు ఎత్తు 600. అక్కడికి అది మూడు మిల్లీమీటర్లయింది. రెండు తలుపులూ ఎదురెదురుగా వాలాయి కాబట్టి మధ్యలో ఆరు. ఆ రోజు నాకు కోపం రాలేదు బావా, గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తప్పు నా చేతిది కాదని తేలింది కదా.

కాబట్టి మూలమట్టం నిక్కచ్చిగా ఉండాలా అంటే ఉండాలి, అందులో రెండో మాట లేదు. నిక్కచ్చితనానికి పన్నెండు వేలు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

నువ్వు చెప్పిన ఎర్ర అల్యూమినియం మట్టం వుడ్‌పెకర్స్ అనే అమెరికా కంపెనీ వాళ్ళదే అయితే, అది 0.0085 డిగ్రీల లోపు ఉంటుందని వాళ్ళు హామీ ఇస్తారు. 300 మిల్లీమీటర్ల దూరంలో ఆ తేడా సుమారు 0.045 మిల్లీమీటరు. మనం ప్రింటు తీసుకునే కాగితం మందం 0.1. అంటే కాగితంలో సగం కూడా కాదు. బెంగళూరులో ఒకాయన దగ్గర దాన్ని పట్టుకుని చూశాను. చేతిలోంచి వదలబుద్ధి కాదు, అంత చక్కటి పని. దాన్ని నేను తీసిపారేయడం లేదు.

కానీ లేత్ షాపుల్లో ఫిట్టర్లు వాడే ఉక్కు మట్టాలు ఉంటాయి చూడు, ఇంజినీర్స్ స్క్వేర్ అంటారు. వాటికి డిన్ 875 అని జర్మన్ ప్రమాణం ఉంది. అందులో గ్రేడ్లు 00, 0, 1, 2. రేకు పొడవు 100 మిల్లీమీటర్లయితే గ్రేడ్ 2లో 30 మైక్రాన్ల దాకా తేడా ఒప్పుకుంటారు, గ్రేడ్ 1లో 15, గ్రేడ్ 0లో 7. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 300 పొడవుకి లెక్కవేసినా గ్రేడ్ 1కి 25 మైక్రాన్లే, అంటే 0.025 మిల్లీమీటరు. నీ ఎర్ర మట్టం ఇచ్చే హామీకంటే ఇది కాస్త అటూఇటూగా రెట్టింపు గట్టిది. లోహం పనివాళ్ళకి కావలసిన నిక్కచ్చితనం కర్ర పనివాళ్ళకంటే చాలా ఎక్కువ కాబట్టి, వాళ్ళ మామూలు సరుకే మనకి అవసరానికి మించి ఉంటుంది. ధర చూస్తే, 150 మిల్లీమీటర్ల మట్టం నాకు ఆ పన్నెండు వేలలో పదో వంతు కూడా కాలేదు.

కొన్నాక దాన్ని గుడ్డిగా నమ్మలేదు. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకి పాతదీ కొత్తదీ రెండూ తీసుకెళ్ళాను. అక్కడి ఆయన సర్ఫేస్ ప్లేట్ (బాగా చదునుగా చేసిన బల్ల) నూనెగుడ్డతో తుడిచి, దాని మీద తమ దగ్గరున్న ఉక్కు స్తంభం లాంటి దిమ్మెని నిలబెట్టి, నా కొత్త మట్టాన్ని దానికి ఆనించి, వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టారు. దారమంత వెలుగు కూడా రాలేదు. తర్వాత పాతది ఆనించారు. కింద చీకటి, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పవుతూ సన్నటి వెలుగు చీలిక. కొన్ని మైక్రాన్ల సందులోంచి వచ్చే వెలుతురుని కూడా మన కన్ను పట్టేస్తుందట. కన్ను ఇంత గొప్ప పనిముట్టని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకో మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. కర్ర ఎలాగూ ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, మరి ఈ మైక్రాన్ల గొడవ ఎందుకని. సగం నిజమే. మన దగ్గర మే నెల ఎండకి కర్ర పెళపెళలాడుతుంది, కార్తీకం వానలకి తేమ తాగుతుంది. అడుగు వెడల్పు టేకు పలకలో తేమ మూడు శాతం మారితే, కోత తీరుని బట్టి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు దాకా మారగలదు. కాగితంలో సగం లెక్క దాని ముందు ఏపాటిది? కానీ కర్ర కదిలేది అడ్డంగానే, పొడుగున దాదాపు కదలదు. అది తెలిసి పలకకి గాడిలో చోటు వదులుతాం. మట్టంలో తప్పుకి అలా చోటు వదలడం కుదరదు. నువ్వు గీసే ప్రతి గీతలోకీ, ప్రతి కుసి (రంధ్రంలోకి దూర్చే కర్ర కొస) భుజంలోకీ అదే తప్పు దిగుతుంది, నాలుగు మూలలు కలిపే రోజున ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకని కర్ర కదులుతుంది కదా అని తప్పుడు మట్టంతో సర్దుకోమనేవాళ్ళ మాట నాకు నచ్చదు.

నీ దగ్గర రంపం మిషను ఉంది కాబట్టి ఇది నిదానంగా చదువు. అడ్డకోత సరిగ్గా 90 వస్తోందా లేదా చూడ్డానికి అసలు మట్టమే అక్కర్లేదు. అడుగున్నర పలక తీసుకో. ఒక అంచు కోయి. కోసిన అంచుని ఫెన్స్‌కి (కోసేటప్పుడు పలక ఆనుకునే అడ్డు) ఆనించి పక్క అంచు కోయి. అలాగే తిప్పుతూ నాలుగు వైపులా కోసి, మళ్ళీ మొదటి వైపు ఐదో కోతగా సన్నటి పట్టీ తీయి. ఆ పట్టీ రెండు చివర్ల వెడల్పూ వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి తేడాలు కొలిచే పనిముట్టు) కొలువు. తేడాని నాలుగుతో భాగిస్తే నీ ఫెన్స్ తప్పు వస్తుంది, ఆ పట్టీ పొడవుకి. పట్టీ 400 పొడవుండి తేడా 0.4 వస్తే, 400కి 0.1 తప్పన్నమాట. నాలుగు కోతల్లో తప్పు నాలుగు రెట్లు పెరిగి కనబడుతుంది కాబట్టి ఏ ఖరీదైన మట్టమూ చూపించనంత స్పష్టంగా ఇది చూపిస్తుంది.

పెద్ద బీరువా బిగించేటప్పుడు కూడా అంతే. ఎదురెదురు వైపులు సమానంగా ఉన్నాయని చూసుకుని, మూల నుంచి మూలకి టేపు పట్టు. రెండు కర్ణాలూ సమానమైతే మూలలన్నీ సరే. దీనికి ఆచారులు ఎన్నడూ డబ్బు పెట్టి ఏదీ కొనలేదు.

ఇంతకీ నువ్వేం కొనాలంటావా? 150 మిల్లీమీటర్ల ఇంజినీర్స్ స్క్వేర్ ఒకటి, గ్రేడ్ రాసి ఉన్నది. అది ఇంట్లో పెద్దమనిషిలా ఉండాలి. రోజూ పనికి దాన్ని వాడకు, మిగతావాటిని దానితో సరిచూడు. రోజువారీ పనికి ఒక మంచి కాంబినేషన్ స్క్వేర్. 1879లో లారాయ్ స్టారెట్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పనిముట్టు అది, మసాచుసెట్స్‌లో అథోల్ అనే ఊళ్ళో ఆయన పెట్టిన కంపెనీ 1880 నుంచి ఉంది. రేకు మీద తలని జరుపుకోవచ్చు, 45 డిగ్రీలు కూడా గీయొచ్చు, గాడి లోతూ చూడొచ్చు. స్టారెట్‌దే కొనాలని లేదు, మన దేశంలో క్రిస్టీల్ వాళ్ళు చేసేవీ ఉన్నాయి. ఏది కొన్నా షాపులోనే తిప్పి గీసి చూడు. తల జరిగే గాడిలో రంపపు పొట్టు చేరితే ఎంత మంచిదైనా తప్పు చెబుతుంది, అది మాత్రం తుడుచుకుంటూ ఉండు. ఇంకా ఒక గీత చాకు కొను. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు ఉంటుంది, దాని ఏ పక్కన కోయాలో తేల్చుకోలేనప్పుడు మట్టం ఎంత గొప్పదైతే ఏం లాభం? మిగిలిన డబ్బు పెట్టి మంచి టేకు కొనుక్కో.

ఖరీదైనది ఎప్పుడు కొనాలో కూడా చెప్పేస్తా. రోజూ పెద్ద పెద్ద పలకలతో, రెండు మూడు మిషన్లతో పనిచేస్తూ, మిషన్ మీద దానంతటదే నిలబడే వెడల్పాటి పిడి కావాలనుకుంటే అప్పుడు కొను. అల్యూమినియం తేలిక, చేయి నొప్పి పుట్టదు. ఎండకి వంకరపోతుందేమోనని అడిగావు కదా, వేడికి రెండు చేతులూ ఒకే పాళ్ళలో సాగుతాయి కాబట్టి కోణం మారదు. దాన్ని పాడుచేసేది ఎండ కాదు, కింద పడటం. ఒక్కసారి నేల మీద పడితే చాలు, మళ్ళీ తిప్పి గీసి చూడనిదే దానితో పని చేయకు. ఉక్కుదైతే వానాకాలంలో కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి గుడ్డలో చుట్టిపెట్టు.

మా మందిరం తలుపులు విప్పి, భుజాలు మళ్ళీ గీసి కోశాను. నూలువాసి తగ్గాయి గానీ ఇప్పుడు రెండూ ఒకే చప్పుడుతో మూసుకుంటున్నాయి. నువ్వు వచ్చే ఆదివారం పొద్దున బస్సెక్కు. నీ పాత మట్టం తీసుకురా, ప్లైవుడ్ ముక్కా చాకూ నా దగ్గర ఉన్నాయి. ఇద్దరం కలిసి గీసి చూద్దాం, సందు ఎంతుందో చూశాకే ఏం కొనాలో నిర్ణయించుకుందువు. చెల్లెల్ని అడిగానని చెప్పు. వీలైతే తననీ తీసుకురా, మా ఆవిడ రాగిసంగటి చేస్తానంటోంది.

నీ
బావ