ఆదివారం ఎక్కడికి వెళ్ళాలని అడిగావుగా

రఘూ,

నీ ఉత్తరం మొన్న అందింది. ఒకసారి నేను చదివాను, ఇంకోసారి ఇంట్లో అందరికీ వినిపించాను. కొత్త ఊళ్ళో ఇల్లు కుదిరిందని సంతోషపడే లోపే, ఆదివారం వస్తే భయంగా ఉందని రాశావు. రెండు గదుల్లో ఇద్దరు పిల్లలు గోల, బయటికి తీసుకెళ్తే టిక్కెట్లకీ తిండికీ జీతంలో పెద్ద ముక్క పోతోంది, తిరిగొచ్చాక అందరూ చిరాకుగా ఉంటున్నారు అన్నావు. ఇది చదివి చాలా బాధేసింది. ఎందుకంటే రెండేళ్ళ కిందట మా ఇంట్లోనూ అచ్చం ఇదే పరిస్థితి.

అప్పట్లో వారానికో కొత్త చోటు చూపించాలని నాకు పట్టుదలగా ఉండేది. శనివారం రాత్రంతా ఎక్కడికి వెళ్ళాలా అని వెతకడం, పొద్దున్నే హడావుడి, దారిలో ట్రాఫిక్, అక్కడ క్యూ. అంత చేసినా పిల్లలు గంటకే ‘ఇంటికెళ్దాం’ అనేవాళ్ళు. ఒక ఆదివారం బండి పాడైంది. వేరే దారి లేక వీధి చివర ఉన్న చిన్న పార్కుకి నడిచి వెళ్ళాం. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, నాలుగు పెద్ద చెట్లు, అంతే. మరుసటి వారం కూడా బండి తయారు కాలేదు, మళ్ళీ అక్కడికే వెళ్ళాం. మూడోవారం బండి వచ్చేసింది కానీ చిన్నది చెప్పులు వేసుకుంటూ ‘మన చెట్టు దగ్గరికేగా?’ అని అడిగింది. ఆ ‘మన’ అన్న మాటతో నా మనసు మారిపోయిందిరా. అప్పటినుంచి నెలకి మూడు ఆదివారాలు అక్కడే, ఒకటి మాత్రం దూరం.

నీకు నేను చెప్పేది కూడా అదే. నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో ఒక పార్కు చూసుకుని, పదేపదే దానికే వెళ్ళండి. వెళ్ళగా వెళ్ళగా చీమల పుట్ట ఎక్కడుందో, ఏ కొమ్మ మీద ఏ పిట్ట వాలుతుందో పిల్లలకి తెలుస్తుంది. తోటి పిల్లల పేర్లు తెలుస్తాయి. వారానికో చోటు మారిస్తే అన్నిచోట్లా వాళ్ళు కొత్తవాళ్ళే కదా.

ఒక్క విషయంలో ఓపిక పట్టాలి. మొదటి అరగంట ఉయ్యాల, జారుడుబల్ల అయిపోయాక ‘బోర్ కొడుతోంది’ అంటూ వస్తారు. అప్పుడు ఫోన్ ఇవ్వకు, నువ్వే ఆట మొదలుపెట్టి నడిపించకు. ఊరికే కూర్చో. పావుగంటలో పుల్లలు, రాళ్ళు, ఎండుటాకులు పోగుచేసి ఏదో ఒకటి కట్టడం మొదలుపెడతారు. అసలు ఆట అక్కడినుంచే. డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అని ఒక తోటల రూపశిల్పి ఉండేవాడు. ఎంతో శ్రద్ధగా ఆటస్థలాలు కట్టించాక చూస్తే, పిల్లలు వాటిని వదిలేసి ఇళ్ళు కట్టేచోట పడి ఉన్న చెక్కలతో, ఇటుకలతో ఆడుకుంటున్నారట. ఆయన ఆలోచనతోనే 1943లో కోపెన్‌హాగన్ దగ్గర ఎమ్‌డ్రప్‌లో పాత సామాన్ల ఆటస్థలం వెలిసింది. చెక్కలూ పనిముట్లూ పిల్లల చేతికిచ్చి, తోడుగా ఒక పెద్దమనిషిని ఉంచేవారు. మనకి అంత అక్కర్లేదు. ఒక బంతి, ఒక తాడు, ఒక భూతద్దం సంచిలో పడేసుకుంటే చాలు. బట్టలు మాసిపోతాయి, ఒక జత అదనంగా పట్టుకెళ్ళు.

పెద్దాడికి సైటు వచ్చిందని, అద్దాలు పడ్డాయని రాశావు. దిగులు పడకు. కానీ చిన్నవాడి సంగతి మాత్రం ఇప్పుడే చూసుకో. రోజూ ఎక్కువసేపు ఆరుబయట గడిపే పిల్లల్లో దూరపు చూపు మందగించడం తక్కువగా మొదలవుతోందని చాలా దేశాల్లో పరిశీలించి చెప్పారు. లైట్లు వేసిన గదిలో వెలుతురు మామూలుగా 500 లక్సుల (వెలుతురు కొలిచే లెక్క) దగ్గర ఉంటే, పగటిపూట బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకి కంటిలో డోపమిన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. తైవాన్‌లో 2010లో బడి పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచాలని ఒక కార్యక్రమం పెట్టారు. అంతకుముందు ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత కొన్నేళ్ళు తగ్గుముఖం పట్టింది. వచ్చిన సైటు దీంతో పోదు, రాకుండా చూసుకోవడానికే ఇది. అందుకే ఆదివారం ఒక్కటే సరిపోదు. బడి నుంచి వచ్చాక రోజూ కాసేపైనా పంపిస్తూ ఉండండి. పార్కు దగ్గర్లో ఉండాలని నేను అంతగా చెప్పేది కూడా ఇందుకే.

ఇక అమ్మ సంగతి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇంట్లోనే ఉండిపోతున్నారన్నావు. ఆవిడని తీసుకెళ్ళకుండా వెళ్ళొద్దురా, పిల్లలకంటే ఆవిడకే గాలి కావాలి. మెట్లు లేని దారి ఉందా, వీపు ఆనించుకునే బెంచీ ఉందా, లేవడానికి పట్టుకునే చేతులు దానికి ఉన్నాయా, మరుగుదొడ్డి ఎంత దూరం, అది తెరిచే ఉంటుందా... ఇవి ముందే చూసుకో. మా అమ్మని తీసుకెళ్ళిన మొదటిసారి ఇవేవీ చూడలేదు. మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి గంటసేపు మొహమాటపడి ఎంత ఇబ్బంది పడిందో ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

దూరం వెళ్ళే ఆ ఒక్క ఆదివారానికి చెరువు గట్టో, చిన్న కొండో, పాత కోటో చూసుకో. బస్సులో వెళ్ళండి. కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకి సగం విహారం అక్కడే అయిపోతుంది. నీళ్ళ దగ్గర మాత్రం పెద్దవాళ్ళలో ఒకరి కళ్ళు ఎప్పుడూ పిల్లల మీదే ఉండాలి, వంతులు వేసుకోండి. బొటానికల్ గార్డెన్ ఉంటే అదింకా మంచిది. చెట్లకి పేర్లు రాసిన పలకలుంటాయి, పెద్దాడు చదువుతాడు, చిన్నవాడు ఆకు తాకి చూస్తాడు. ఇటలీలోని పాడువాలో 1545లో పెట్టిన తోట ఇప్పటికీ అదే చోట ఉంది తెలుసా? వైద్యం చదివే విద్యార్థులకి మందుమొక్కలు చూపించడానికి పెట్టారు దాన్ని. ఎక్కడికెళ్ళినా పిల్లలు అలిసిపోకముందే బయల్దేరాలి. ఇంకాసేపు ఉందామని వాళ్ళు అంటున్నప్పుడే వచ్చేస్తే మళ్ళీ ఎప్పుడని అడుగుతారు.

‘డబ్బు లేక పార్కుకి తీసుకెళ్తున్నాం అనిపిస్తుంది’ అని రాశావు చూడు, ఆ వాక్యం నాకు అస్సలు నచ్చలేదు. 1847లో ఇంగ్లండులో బర్కెన్‌హెడ్ అనే ఊళ్ళో ప్రజల డబ్బుతో అందరి కోసం ఒక పార్కు తెరిచారు. మూడేళ్ళ తర్వాత ఓమ్‌స్టెడ్ అనే అమెరికా యువకుడు అక్కడికి వెళ్ళి, పేదా గొప్పా తేడా లేకుండా అందరూ ఒకే తోటలో తిరగడం చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత వోక్స్ అనే రూపశిల్పితో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి రూపం ఇచ్చింది ఆయనే. ఆ గేటు లోపల నీకెంత హక్కుందో అందరికీ అంతే. అది నీ పిల్లలది కూడా.

వచ్చే నెల రెండో ఆదివారం మేమందరం మీ ఇంటికి వస్తున్నాం. చెల్లెమ్మని వంట పెట్టుకోవద్దని చెప్పు, డబ్బాలు మేమే కట్టుకొస్తాం. ఈలోగా నువ్వొక పని చెయ్యి. ఒకరోజు సాయంత్రం అయిదింటికి మీ దగ్గర్లో ఉన్న పార్కుకి ఒక్కడివే వెళ్ళి, ఏ బెంచీ మీద నీడ ఉందో చూసి నాకు రాయి. అమ్మని అక్కడ కూర్చోబెడదాం.

నీ
శ్రీను