మాది చిన్న రోడ్డంట!

ఒరే బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి చానాళ్లయింది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. అమ్మ మోకాలు అట్లాగే ఉంది, తమ్ముడి గుంటల్లో రొయ్య ఈసారి పరవాలేదు, ఆవకాయ మీ అన్నయ్య చేతికిచ్చి పంపిస్తా. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి, ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది.

మినీ బైపాస్ దిగి మా ఇంటికొచ్చే దారిలో నాలుగు రోడ్ల కూడలి ఉంది చూడు, నువ్వు కారం దోసె తిని ‘ఆమె’ గుర్తొచ్చిందని ఏడ్చిన బండి దగ్గర (కారానికే ఏడ్చావని నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు). మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవాలని ఇప్పుడు ఆటోలు, స్కూలు వ్యాన్లు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ ఇటే. పైగా మూల మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. ముందుచక్రం దాన్ని దాటేదాకా అవతల ఏం వస్తోందో కనపడదు. వేసవిలో ట్యూషన్‌కు పోతున్న పిల్లను బైకు గుద్దేసింది. కాలికి పిండికట్టు వేశారు. హ్యాండిల్ వంగిపోయిన ఆ సైకిలు చాలా రోజులు దోసె బండికి ఆనించే ఉంది, ఎవరికీ తియ్యబుద్ధి కాలేదు. అటు పోయినప్పుడల్లా నాకు... సరే, వదిలెయ్.

ఆ రాత్రే మా వీధి కుర్రాళ్లు సిమెంటు కలిపి రోడ్డుకు అడ్డంగా ఒక దిబ్బ పోశారు. దాని దెబ్బకు పాలవాడు బండి మీంచి పడి, లీటర్లకు లీటర్లు నేలపాలు. ఇట్లా కాదని మేష్టారు అర్జీ రాశారు. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చొచ్చాం. నిజం చెప్తున్నా, ఎవరైనా వస్తారని నేననుకోలేదు. వచ్చాడు, కుర్ర ఇంజినీరు. దిబ్బకు టేపు పెట్టి చూసి నవ్వాడు. స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలట, 25 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి నడుం పట్టకుండా. ‘‘మీరు కట్టింది గోడ సార్’’ అన్నాడు.

ఇక్కడ కావాల్సింది స్టాప్ బోర్డు అన్నాడు. ఎర్రగా, ఎనిమిది మూలలతో ఉంటుంది. ఆ ఆకారం ఇంకే బోర్డుకూ ఉండదట, వెనక నుంచి చూసినా ఎదుటివాడు ఆగాలని తెలిసిపోతుందట. బోర్డు పక్కన రోడ్డు మీద లావుపాటి తెల్లగీత. అందరం తలూపాం. అప్పుడు మెల్లగా అన్నాడు: ‘‘కాకపోతే చిన్న రోడ్డుకే పెడతాం. పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్లు ఆగక్కర్లేదు.’’

అంతే రా, అగ్గి రాజుకుంది. రెండూ ఒకే వెడల్పు. ఎవరిది చిన్న రోడ్డు? ‘‘మా వైపు ముగ్గురు డాక్టర్లున్నారు, మాది చిన్నదా?’’ అని రిటైర్డ్ తాసీల్దారు గారు. ‘‘గుడి మా రోడ్డులో ఉంది, దేవుడు ఆగాలా?’’ అని ఇటువైపు పెద్దమ్మ. పిల్ల కాలు సంగతి అందరూ మర్చిపోయారు, నాకు అక్కడే ఒళ్లు మండింది.

నేనూరుకుంటానా, మీ డల్లాస్ సంగతి ఎత్తాను. నాలుగు వైపులా బోర్డులు పెడతారు, అందరూ ఆగుతారు, ముందొచ్చినవాడు ముందు పోతాడు అని. మా ఆటో అబ్బయ్య గడ్డం గోక్కుని, ‘‘ముందొచ్చింది నేనేనని నలుగురూ అంటే ఏం చేసేది సార్?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరుంటే రాయి. బోర్డు లేనిచోట కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలని రూలు ఎప్పటినుంచో ఉందని ఇంజినీరు చెప్పాడు. అక్కడున్న వాళ్లలో డ్రైవింగ్ లైసెన్సు లేనివాళ్లు తక్కువ, ఆ రూలు విన్నవాళ్లు ఇంకా తక్కువ.

ఆఖరికి ఆయనే పొద్దున పూట మనుషుల్ని కూర్చోబెట్టి ఎటు ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టించాడు. తేలిందేమిటంటే, మాది చిన్న రోడ్డు! మా ఆవిడ రెండు రోజులు మొహం మాడ్చుకుంది. ‘‘సంతకాల కోసం ఊరంతా తిరిగింది మీరే గదా, అనుభవించండి.’’ తాసీల్దారు గారు మాత్రం నన్ను చూసినప్పుడల్లా ‘‘ఏమయ్యా, ఆగి వస్తున్నావా?’’ అని పలకరింపు.

మొన్న బోర్డు పాతారు. గీత ఇంకా వెయ్యలేదు. నిన్న పొద్దున స్కూటర్ మీద పోతూ పద్ధతిగా ఆగాను. వెనకున్న ఆటో హారన్ మీద హారన్. తల బయటపెట్టి చూశాడు, మన అబ్బయ్యే. ‘‘ఏంది సార్, పెట్రోలు అయిపోయిందా?’’ బోర్డు చూపించాను. ‘‘అది మీకు గదా పెట్టింది’’ అని పక్కనుంచి దూరి పోయాడు. ఫ్లెక్సీ సంగతంటావా, అది అట్లాగే ఉంది. దాని జోలికెళ్లే మొనగాడు ఇంకా పుట్టలేదు. అసలు అది లేకపోతే సగం గొడవ...

ఉండు, కింద మేష్టారు కేకేస్తున్నారు. రంగు డబ్బాలతో మనుషులొచ్చారంట, గీత ఎక్కడ గియ్యాలో మళ్లీ పంచాయితీ మొదలైనట్టుంది. పోతున్నా. మిగతాది తర్వాత రాస్తా.

నీ
లాంతరు