వార్షిక నివేదిక: ఫుట్‌పాత్ నివాసులపై లాఠీ, మన సభ్యులపై కేసులు

గౌరవనీయులైన సంఘ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. గత సర్వసభ్య సమావేశం తరువాత మన సంఘం చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాను. వైద్య శిబిరాలు, చలికాలపు దుప్పట్ల పంపిణీ, పఠన మందిరం నిర్వహణ ఎప్పటిలాగే సాగాయి. ఆదాయ వ్యయాల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాము. అయితే మన సమయంలోనూ శక్తిలోనూ అధిక భాగం ఈ ఏడాది ఒకే విషయానికి వెచ్చించవలసి వచ్చింది కనుక ఇకపై చెప్పేదంతా దాని గురించే.

హైదరాబాదులో ప్రభుత్వ ఆసుపత్రుల గేట్ల ముందు, సికింద్రాబాద్, నాంపల్లి రైల్వే స్టేషన్ల దగ్గర, ఇమ్లీబన్ బస్టాండు చుట్టుపక్కల రాత్రిపూట నడుం వాల్చేవారంతా బిచ్చమెత్తేవారు కారు. అడ్డా కూలీలు, హమాలీలు, చిత్తుకాగితాలు ఏరుకునేవారు, పిల్లలు పట్టించుకోని వృద్ధులు, వార్డులో రోగిని ఉంచి బయట చెట్టు కింద రోజుల తరబడి గడిపే బంధువులు వారిలో ఉంటారు. మనం ఏటా దుప్పట్లు పంచే అలాంటి ఒక చోట, ఒక అర్ధరాత్రి పోలీసులు నిద్రలో ఉన్నవారిని లాఠీలతో కొట్టి లేపి తరిమివేశారు. ఒక వృద్ధ హమాలీ మణికట్టు విరిగింది. అక్కడి సంచులను, గిన్నెలను, పరుపుచుట్టలను లారీకెక్కించి తీసుకుపోయారు. ఆ సంచుల్లోనే ఆధార్ కార్డులు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పుస్తకాలు ఉన్నాయి. దెబ్బ కొన్ని వారాల్లో మానుతుందేమో గాని, ఆ సంచి పోయిన మనిషి ప్రభుత్వం దృష్టిలో ఎవరూ కాకుండా పోతాడు.

ఇలాంటి ఏరివేత ఈ నగరానికి కొత్త కాదు. 2017 నవంబరు చివర ఇక్కడ జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, 144వ సెక్షన్ కింద రెండు నెలలపాటు బహిరంగ ప్రదేశాల్లో భిక్షాటనను నిషేధించి, పట్టుబడినవారిని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రయ కేంద్రానికి తరలించడం పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. భిక్షాటన నిరోధానికి 1977 నాటి చట్టం మనకుంది. ఢిల్లీలో అమలైన అలాంటి చట్టంలోని ప్రధాన నిబంధనలను అక్కడి హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టివేసింది. అంతకుముందే 2010లో, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆశ్రయాలు కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నీడ చూపించకుండా రోడ్డు మీద పడుకున్నావని కొట్టడం ఏ రకంగానూ న్యాయం కాదన్నదే మన సంఘం వైఖరి.

మరునాడు మనం రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదుకు రశీదు దొరకలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ప్రతికీ జవాబు రాలేదు. అందుచేత కొందరు సభ్యులు, దెబ్బలు తిన్నవారిలో ఇద్దరు కలిసి ఠాణాకు ఎదురుగా రోడ్డు పక్కన ప్లకార్డులతో కూర్చున్నారు. రాకపోకలకు అడ్డు రాలేదు; నినాదాలు తప్ప మరేమీ లేవు. గంట తిరగకముందే అందరినీ వ్యానెక్కించారు. ముందస్తు అరెస్టు అని మొదట చెప్పి, సాయంత్రానికి కేసు నమోదు చేశారు. అందులో అడ్డగింత, ఉత్తర్వుల ఉల్లంఘన వంటి జామీను దొరికే సెక్షన్లతోపాటు భారతీయ న్యాయ సంహితలోని (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతిలోని) 132వ సెక్షన్‌ను, అంటే విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యం చేశారన్న ఆరోపణను చేర్చారు.

ఆ ఒక్క సెక్షన్ గురించి సభ్యులు వివరంగా తెలుసుకోవాలి. దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లే అయినా అది నాన్ బెయిలబుల్, అంటే జామీను హక్కుగా దొరకదు, ఇవ్వాలో వద్దో కోర్టు నిర్ణయిస్తుంది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదని, నోటీసు ఇచ్చి విచారించవచ్చని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు, జామీను పద్ధతులను చెప్పే కొత్త చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35వ సెక్షన్ కూడా అదే దారి చూపుతుంది. మన న్యాయవాది ఈ సంగతి ఎత్తిచూపినప్పుడు, సొంత ఇల్లూ ఉద్యోగమూ ఉన్న మన సభ్యులకు నోటీసులిచ్చి ఆ రాత్రే పంపివేశారు. ఫుట్‌పాత్ మీది ఇద్దరికి మాత్రం నోటీసు పంపడానికి చిరునామా లేదన్న కారణంతో రిమాండ్ కోరారు. ఒకే చోట కూర్చుని, ఒకే ప్లకార్డు పట్టుకున్నవారిలో ఒకరు ఇంటికి, ఒకరు జైలుకు వెళ్లారు.

ఇందులో మన తప్పు ఉంది. కూర్చునే ముందు ఆ ఇద్దరికీ ఇలా జరగవచ్చని మనం వివరించలేదు. పూచీదారులను సిద్ధం చేసుకోలేదు. మనకు ఒక పూటతో ముగిసే అరెస్టు వారికి ఎన్ని వారాలవుతుందో ఆలోచించకపోవడం కార్యవర్గం లోపమని ఒప్పుకుంటున్నాను. జామీను మంజూరయ్యాక కూడా వారు వెంటనే బయటికి రాలేకపోయారు, ఎందుకంటే ఇంటి పన్ను రశీదో జీతం చీటీయో చూపించగల పూచీదారులు వారికి లేరు. జామీను దొరికే నేరమైతే, వారం రోజుల్లో పూచీ ఇవ్వలేనివారిని నిరుపేదలుగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని చట్టమే చెబుతోంది. కాని ఆ వెసులుబాటు నాన్ బెయిలబుల్ సెక్షన్‌కు వర్తించదు. పేదవాడి మీద ఆ సెక్షన్ ఎంత బరువో ఇక్కడే తెలుస్తుంది. ఒక తాపీ మేస్త్రీకి పదివేల రూపాయల పూచీ అడిగిన మోతీరాం కేసులో, 1978లోనే, జామీను షరతులు పేదల శక్తికి మించి ఉండరాదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన న్యాయవాది ఆ తీర్పును ముందుపెట్టి షరతులు తగ్గించమని కోరారు. ఇద్దరు సభ్యులు తమ ఇంటి పన్ను రశీదులతో వచ్చి పూచీ నిలబడ్డారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

విడుదలైన ఇద్దరిలో ఒకరు తరువాతి వాయిదాకు హాజరు కాలేకపోయారు. ఫుట్‌పాత్ మీద మళ్లీ లేపివేయడంతో ఊళ్లోనే మరో మూలకు వెళ్లిపోయిన ఆయనకు వాయిదా సంగతి చెప్పేవారే లేరు. దానితో వారెంటు జారీ అయింది. సభ్యులు మూడు రాత్రులు వెతికి ఆయనను కనుగొని కోర్టుకు తీసుకువచ్చాక దానిని రద్దు చేయించగలిగాము. అప్పటినుంచి ఆ ఇద్దరికీ సంఘం కార్యాలయాన్నే ఉత్తరప్రత్యుత్తరాల చిరునామాగా కోర్టులో నమోదు చేయించాము.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు చేస్తోంది. పూచీ నిలబడటానికి సిద్ధపడే సభ్యుల పేర్లతో ఒక పట్టిక ఉండాలి. ఇష్టం ఉన్నవారే ముందుకు రావాలి, ఎవరినీ ఒత్తిడి చేయరాదు. నిరసనకు వచ్చే ప్రతి నిరాశ్రయునికీ ముందుగానే కేసు, జామీను సంగతులు విడమరచి చెప్పాలి. వద్దనుకునేవారిని వెనక్కి పంపాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది కనుక, జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో మొదటి రోజు నుంచే సంప్రదింపులు జరపాలి.

మన సభ్యులపై కేసు ఇంకా విచారణలో ఉంది. పోలీసు స్టేషన్లన్నిటా కెమెరాలుండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని ఉదహరిస్తూ, ఆ రోజు ఠాణా గేటు దగ్గరి దృశ్యాలను భద్రపరచాలని దరఖాస్తు పెట్టాము. హమాలీ పెద్దాయన చేతికి కట్టు విప్పారు, మూటలు మోయడం మాత్రం ఇక కుదరదన్నారు. లారీలో పోయిన సంచుల కోసం పెట్టిన అర్జీకి ఈ నివేదిక రాసే నాటికి జవాబు రాలేదు. సంచులు పోగొట్టుకున్నవారి పేర్లు, ఎవరి సంచిలో ఏముందో రాసుకున్న పుస్తకం కార్యాలయంలో ఉంది.