ఉన్నత పాఠశాలల్లో తోటివారి వేధింపులు

సంపాదకులకు నమస్కారం.

కళాశాలల్లో ర్యాగింగ్ అనగానే ఉలిక్కిపడే మనం, ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లల మధ్య సాగే వేధింపులను మాత్రం ‘పిల్లల అల్లరి’గా కొట్టిపారేస్తున్నాం. ఒంటి రంగునో, నత్తినో, కులాన్నో, తండ్రి చేసే పనినో పట్టుకుని రోజూ ఎగతాళి చేయడం, జట్టు కట్టి ఒకరిని వెలివేయడం, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మార్చి తిప్పడం అల్లరి ఎలా అవుతుంది? సాయంత్రమైనా ఇంటికి చేరే వీలులేని హాస్టల్ పిల్లల అవస్థ మరీ దారుణం. బాధిత విద్యార్థి మొదట కడుపునొప్పి సాకుతో బడి మానేస్తాడు, ఆపై నిద్ర చెడుతుంది, మార్కులు తగ్గుతాయి. మనమేమో చదువు మీద శ్రద్ధ లేదంటూ ఆ పిల్లవాణ్నే మందలిస్తాం.

2009 నాటి యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు ఉన్నత విద్యాసంస్థలకే వర్తిస్తాయి. పాఠశాలల్లో వేధింపుల నివారణ కమిటీలు ఉండాలని సీబీఎస్ఈ 2015లో మార్గదర్శకాలిచ్చింది గానీ, మన ఊళ్లలోని బడులు ఎక్కువగా రాష్ట్ర బోర్డు కిందివే. విద్యాశాఖ వీటిలోనూ అటువంటి కమిటీలు వేసి, ఫిర్యాదు చేసిన పిల్లల పేర్లు బయటపడకుండా చూడాలి. వేధించిన వాడికి టీసీ ఇచ్చి పంపేస్తే సమస్య పక్క బడికి మారుతుంది, అంతే. అతనికీ కౌన్సెలింగ్ అవసరం. బాలల సహాయవాణి 1098 నంబరును ప్రతి తరగతి గోడ మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి